వెచ్చని సీమలో హిమపాతము: పక్షులు ఎట్లు బ్రతుకును?

2025 జనవరి 21వ తేదీన అమెరికా దేశపు దక్షిణ తీరముననున్న న్యూ ఆర్లియన్స్ నగరమున హిమము కురిసెను. ఉదయము మొదలైన హిమపాతము ఆగునప్పటికి ఆ నగరపు విమానాశ్రయమున 8 అంగుళముల, అనగా సుమారు 20 సెంటీమీటర్ల మందమున హిమము పేరుకొనినది. తూర్పుగానున్న ఫ్లోరిడా రాష్ట్రములో మిల్టన్ అను ఊర 9.8 అంగుళములు పడినది. ఆ రాష్ట్రములో అంతకు ముందున్న రికార్డు 1954లో అదే ఊర పడిన 4 అంగుళములు మాత్రమే. న్యూ ఆర్లియన్స్ నివాసులలో ఎక్కువమంది తమ జీవితములో ఇంతటి హిమమును చూచి ఎరుగరు. తాటిజాతి చెట్లును, నారింజ చెట్లును పెరుగు సీమ అది.

పిల్లలకు ఆ దినము పండుగయైనది. కాని ఆ తీరమున మనుష్యులతోపాటు లక్షలాది పక్షులు కూడ ఉన్నవి. ఉత్తర అమెరికా ఖండపు ఉత్తర భాగములలో వేసవిలో గ్రుడ్లుపెట్టి పిల్లలను పెంచిన పక్షులలో అనేకము చలికాలమును గడపుటకు ఈ తీరమునకే వచ్చును. హిమమును తప్పించుకొనుటకై అవి ఎచ్చటికి వచ్చినవో, హిమము వానిని వెన్నంటి అచ్చటికే వచ్చినది. అట్టి వేళ అవి ఏమగును? ఏవి బ్రతుకును, ఏవి చచ్చును? ఈ ప్రశ్నలకు సమాధానము కిటికీ దగ్గర కూర్చుండి ఓపికగా చూచువారికి రెండు మూడు దినములలో చాలవరకు దొరకును.

హిమము అంత దక్షిణమునకు ఎట్లు వచ్చును?

మన ప్రాంతములలో పుష్యమాసపు తెల్లవారుజామున గడ్డిపై కనిపించు మంచు వేరు, ఈ హిమము వేరు. మనకు కనిపించునది గాలిలోని ఆవిరి చల్లబడి ఏర్పడిన నీటిబొట్టు. హిమమో, ఆవిరి మేఘములలోనే స్ఫటికములుగా గట్టిపడి, కరగక నేలకు దిగునది.

న్యూ ఆర్లియన్స్ ఇంచుమించు 30 డిగ్రీల ఉత్తర అక్షాంశముపై నున్నది. మన హరిద్వారము కూడ దాదాపు అదే అక్షాంశముపై నున్నది. కాని హరిద్వారమునకు ఉత్తరమున హిమాలయములు పెట్టనికోటవలె నిలిచి ఉత్తరపు చలిగాలిని అడ్డగించును. ఉత్తర అమెరికాలో పెద్ద పర్వతశ్రేణులు ఉత్తర దక్షిణములుగా సాగినవి. తూర్పు పడమరలుగా అడ్డుపడు గోడ లేదు. అందువలన అప్పుడప్పుడు ధ్రువప్రాంతపు చలిగాలి ఖండమధ్యమున నున్న మైదానములమీదుగా నిరాటంకముగా దక్షిణ తీరము వరకు జారివచ్చును. ఆ సమయముననే మెక్సికో సింధుశాఖపై అల్పపీడనమేర్పడి తేమగాలిని భూమిపైకి త్రోసినచో, వానగా పడవలసిన నీరు హిమముగా పడును. 2025లో జరిగినది ఇదియే. చలిగాలి ఒక్కటే వచ్చుట అరుదు కాదు. చలియు తేమయు ఒకే వేళ కలియుట మాత్రము చాల అరుదు.

చలికన్న ఆకలి ప్రమాదము

హిమములో చనిపోయిన పక్షిని చూచి, చలికి బిగుసుకొని చచ్చినదని సాధారణముగా అనుకొందురు. నిజమునకు చాల సందర్భములలో దానిని చంపినది చలి కాదు, ఆకలి. కడుపు నిండిన పక్షి చలికి బాగుగా తాళగలదు.

పక్షుల శరీరోష్ణోగ్రత సుమారు 40 నుండి 42 డిగ్రీల సెంటీగ్రేడు వరకు ఉండును. బయటి గాలి సున్నకు 5 డిగ్రీలు దిగువనున్నదనుకొందము. అప్పుడు ఈకలకు లోపలను వెలుపలను ఉష్ణోగ్రతలో దాదాపు 45 డిగ్రీల భేదముండును. ఇంతటి భేదమును కొన్ని మిల్లీమీటర్ల మందముగల ఈకల పొర నిలుపుచున్నది. అందలి రహస్యము గాలి. గాలి అధమ ఉష్ణవాహకము. పైనున్న గట్టి ఈకల క్రింద మెత్తని నూగు ఈకలు గాలిని చిన్న చిన్న అరలలో బంధించి యుంచును. చలివేళ పక్షి ఈకలను నిక్కబొడుచుకొని ఉండలవలె కనిపించుట ఇందుకే. బంధింపబడిన గాలి పొర మందమైన కొలది వేడి తక్కువగా పోవును. ముక్కును భుజపు ఈకలలో దాచుకొనుటయు, ఒక కాలిని పొట్ట ఈకలలోనికి ముడుచుకొనుటయు ఇట్టి ఉపాయములే.

ఈకలు లేని కాళ్ల సంగతి మరింత విచిత్రము. మంచుగడ్డపై నిలిచిన కొంగ కాలిలో శరీరమునుండి దిగు వెచ్చని రక్తపు ధమనులును, పాదములనుండి పైకి పోవు చల్లని రక్తపు సిరలును ఒకదానినొకటి ఆనుకొనియుండును. దిగు రక్తము తన వేడిని ఎక్కు రక్తమునకు ఇచ్చివేయును. పాదమునకు చేరు రక్తము అప్పటికే చల్లబడియుండుటచే బయటికి పోవు వేడి స్వల్పము. పాదములలో కండ బహు తక్కువగుటచే కొద్దిపాటి వెచ్చదనముతోనే అవి పనిచేయగలవు.

ఈ ఉపాయములన్నియు పోవు వేడిని తగ్గించునే గాని, ఆపివేయలేవు. పోయినంత వేడిని పక్షి మరల పుట్టించుకొనవలెను. రొమ్ముకండరములను వణకించి అది వేడిని పుట్టించును. దానికి ఇంధనము శరీరములోని క్రొవ్వు. జనవరి చివర ఆ తీరమున రాత్రి సుమారు పదమూడున్నర గంటలుండును. తెల్లవారుసరికి చిన్న పక్షి తన బరువులో పదవ వంతు వరకు కోల్పోవచ్చును. ఆ లోటును పగటి పదిన్నర గంటలలో తీర్చుకొనవలెను. ఒక పగలు ఆహారము దొరకనిచో రెండవ రాత్రి గడచుట కష్టము.

మరి పక్షులు ముందుగానే ఎక్కువ క్రొవ్వు కూడబెట్టుకొనరాదా? కూడబెట్టవచ్చును, కాని బరువు హెచ్చిన పక్షి చురుకుగా ఎగురలేదు, డేగకు సులభముగా చిక్కును. కనుక ఏ చోటి చలికి తగినంత క్రొవ్వును ఆ చోటి పక్షి దాచుకొనును. జుంకో అను చిన్న పిట్టలను పరిశీలింపగా, చలికాలమును ఉత్తరమున గడపువానికన్న దక్షిణమున గడపువాని శరీరములో క్రొవ్వు తక్కువయని తేలినది. వెచ్చని సీమలోని పక్షి తన ఊరి వాతావరణమును నమ్మి బ్రతుకుచున్నదన్నమాట. అరుదైన హిమపాతము ఆ నమ్మకమును వమ్ము చేయును.

చిన్న దేహమునకు పెద్ద నష్టము

అన్ని పక్షులకును ఈ కష్టము సమానము కాదు. తరగతిలో సులభముగా చేయదగిన ఒక లెక్కతో ఇది స్పష్టమగును. ఒక సెంటీమీటరు భుజముగల ఘనమును తీసికొందము. దాని ఘనపరిమాణము 1, ఉపరితలము 6. రెండు సెంటీమీటర్ల భుజముగల ఘనమునకు ఘనపరిమాణము 8, ఉపరితలము 24. అనగా ఒక్కొక్క ఘనసెంటీమీటరునకు ఉపరితలము 3 మాత్రమే. నాలుగు సెంటీమీటర్ల ఘనమునకు అది ఒకటిన్నరకు తగ్గును. వేడి పుట్టునది దేహమంతట, పోవునది ఉపరితలమునుండి. కనుక దేహము చిన్నదైన కొలది వేడి త్వరగా పోవును.

రెండు కిలోలకు మించిన బరువుగల పెద్ద కొంగ కొన్నాళ్లు పస్తుండి బ్రతుకగలదు. ఆరు గ్రాముల కింగ్లెట్ పిట్టకు అది సాధ్యము కాదు. ఉదయమునుండి సాయంకాలము వరకు అది కొమ్మ కొమ్మ గాలించుచునే యుండవలెను.

మూడు నాలుగు గ్రాముల బరువుగల రూఫస్ హమ్మింగ్ పక్షిది మరియొక మార్గము. మన తేనెపిట్టవలె పువ్వులలోని మకరందమును త్రాగు ఈ పక్షులలో కొన్ని చలికాలమును న్యూ ఆర్లియన్స్ ప్రాంతపు తోటలలో గడపును. చలిరాత్రులలో ఇది జడస్థితిని పొందును. శరీరోష్ణోగ్రత బాగుగా పడిపోవును. నిమిషమునకు వందలసార్లు కొట్టుకొను గుండె పదులసార్లకు తగ్గును. ఇంధనపు ఖర్చు స్వల్పమగును. తెల్లవారుజామున వణకుచు మరల వెచ్చబడి మేల్కొనును. ఆ స్థితిలో దానిని తాకినను ఎగురలేదు. చచ్చినదని తలచి పారవేయుట పొరపాటు.

ఎవరి వంటిల్లు మూతబడినది?

హిమము నేలను కప్పినప్పుడు, ఆహారము వెదకు చోటునుబట్టి పక్షుల భాగ్యము మారును. అన్నిటికన్న ముందు దెబ్బ తినునది వుడ్‌కాక్. ఇది మన చెరువుగట్ల ఉల్లంకి పిట్టకు చుట్టము. ఎండుటాకుల రంగు, దేహమునకు మించినట్లు కనిపించు పొడవైన ముక్కు దీని గుర్తులు. ముక్కు కొనను మాత్రమే విప్పగల నేర్పు దీనికి కలదు. తడినేలలోనికి ముక్కును దించి, వానపామును కొనతో పట్టి లాగును. సాధారణముగా ఇది పగలంతయు అడవిలో ఆకులలో కదలక కూర్చుండి, మునిమాపున మాత్రమే సంచరించును. ఎన్నో ఏండ్లు పక్షులను చూచినవారికి కూడ అరుదుగా కనిపించును. నేల గట్టిపడి హిమము కప్పినప్పుడు మాత్రము, మట్టి మెత్తగానుండు చోటులను వెదకుచు ఇండ్ల గోడల ప్రక్కకు, మురుగుకాలువల ఒడ్డుకు, రోడ్ల అంచులకు పట్టపగలే వచ్చును. చూచువారికి అది అదృష్టమనిపించును. కాని అది సిగ్గు విడిచి వచ్చినది కాదు, గతిలేక వచ్చినది. ఫొటో కొరకు దగ్గరకు పోయి దానిని రెండుసార్లు లేపినచో, దాచుకొన్న కొద్ది క్రొవ్వు ఆ రెండు ఎగురులతోనే కరిగిపోవచ్చును.

నేలపై ఎండుటాకులను తిరగవేసి పురుగులను తిను కరోలినా రెన్ వంటి పిట్టలకును ఇదే కష్టము. తీవ్రమైన చలికాలముల తరువాత వీని సంఖ్య పడిపోవుట పలుమారులు గుర్తింపబడినది. వడ్రంగిపిట్ట స్థితి నయము: చెట్టు బెరడులో దాగిన పురుగులను హిమము కప్పలేదు. కింగ్లెట్ విషయమున బెర్న్‌డ్ హైన్‌రిక్ అను జీవశాస్త్రజ్ఞుడు ఉత్తరపు అడవులలో పరిశీలించి ఒక వింతను కనుగొనెను. గడ్డకట్టి కొమ్మలకు అంటియున్న గొంగళిపురుగులను ఏరి తిని ఆ చిన్నపిట్ట చలికాలమును గడపుచున్నది.

లోతులేని మడుగులు గడ్డకట్టినప్పుడు కొంగలకు చేపలు అందవు. కాని ఒకరి కరవు మరియొకరికి విందు. చలికి మొద్దుబారిన చేపలు తీరపు కయ్యలలో నీటిపైకి తేలునప్పుడు గల్ పక్షులకును గూడబాతులకును వెదకకయే ఆహారము దొరకును. 2021 ఫిబ్రవరి చలిలో టెక్సాస్ తీరమున కనీసము 38 లక్షల చేపలు చచ్చినవని ఆ రాష్ట్రపు వన్యప్రాణిశాఖ అంచనా కట్టినది.

అన్నిటికన్న చక్కని పాఠమును రెండు జాతుల వానకోవెలలు చెప్పును. రెండును గాలిలో ఎగురు పురుగులను పట్టి తినునవే. చలిలో పురుగులు ఎగురవు. కనుక రెండింటికిని ఆహారము ఒకేసారి లేకపోవును. ట్రీ స్వాలో అను మొదటి జాతి అప్పుడు వాక్స్ మర్టిల్ అను పొదలపై గుంపులుగా వ్రాలును. ఆ పొద కాయలపై మైనపు పూత ఉండును. పూర్వము అచ్చటివారు అట్టి మైనముతో క్రొవ్వొత్తులు చేసికొనిరి. మైనము జంతువులలో చాలవానికి జీర్ణము కాదు. ట్రీ స్వాలోకును, ఎల్లో రంప్డ్ వార్బ్లర్ అను మరియొక పిట్టకును అది జీర్ణమగును. ఆ శక్తియే వానిని హిమపాతమునుండి గట్టెక్కించును.

రెండవ జాతియైన పర్పుల్ మార్టిన్ కాయలను తినదు. ఇది దక్షిణ అమెరికానుండి జనవరి చివరను, ఫిబ్రవరిలోను ఈ తీరమునకు తిరిగివచ్చును. ముందు వచ్చినదానికి మంచి గూడు దక్కును. కనుక వయస్సు మీరినవి త్వరపడును. అట్లు త్వరపడి వచ్చిన పక్షులు 2021 ఫిబ్రవరి హిమపాతమునకు చిక్కి టెక్సాస్, లూసియానా రాష్ట్రములలో పెక్కు చచ్చినవి. ఈ పక్షులు ఖండపు తూర్పు భాగమున నేడు దాదాపు పూర్తిగా మనుష్యులు కట్టి నిలిపిన పెట్టెగూళ్లలోనే నివసించును. ఏటేట వాని రాకకై ఎదురుచూచు గృహస్థులు, ఆ ఏడు తమ పెట్టెలు తెరచి చచ్చిన పక్షులను తీయవలసివచ్చినది.

పోయిన పక్షులు మరల వచ్చునా?

న్యూ ఆర్లియన్స్‌లో 2025నాటి హిమమునకు సాటియైనది 1895 ఫిబ్రవరి మధ్యలో పడినది, అప్పుడు 8.2 అంగుళములు పడెను. టెక్సాస్‌లోని హ్యూస్టన్‌లో అదే తుఫానులో 20 అంగుళములు పడెను. ఆ చలికాలము ఈస్టర్న్ బ్లూబర్డ్ అను నీలిపిట్టలపై పెద్ద దెబ్బ తీసెను. ఈ పిట్టలు పురుగులను, కాయలను తిని దక్షిణమున చలికాలమును గడపును. ఆ వసంతమున ఉత్తరపు ఊళ్లలో వానికై ఎదురుచూచినవారికి అవి దాదాపు కనిపించనే లేదు. ఆ జాతి నశించునేమోయని పలువురు భయపడిరి. కాని కొన్ని సంవత్సరములలో వాని సంఖ్య తిరిగి పెరిగినది. ఒక జంట ఏడాదికి రెండు, ఒక్కొక్కప్పుడు మూడు ఈడులు పిల్లలను పెంచును. ఈడుకు నాలుగైదు గ్రుడ్లు పెట్టును. గూటికి చెట్టుతొర్ర, తినుటకు పురుగు ఉన్నంతకాలము ఇట్టి జాతి ఒక హిమపాతపు నష్టమును పూడ్చుకొనగలదు. తొర్రలుగల పాతచెట్లు పోయిన చోట, లేదా పక్షులు అప్పటికే తగ్గియున్న చోట ఆ నష్టము నిలిచిపోవును. కనుక హిమపాతము తరువాత లెక్క ఎంత ముఖ్యమో, ముందటి సంవత్సరముల లెక్కయు అంతే ముఖ్యము.

హిమము ఏ పక్షిని విడుచును, ఏ పక్షిని చంపును అను ప్రశ్న ప్రకృతి వరణ సిద్ధాంతమునకు కూడ సంబంధించినది. 1898 ఫిబ్రవరి 1న రోడ్ ఐలండ్ రాష్ట్రములోని ప్రావిడెన్స్ నగరమున తీవ్రమైన హిమతుఫాను వచ్చెను. నీరసించి పడిన ఊరపిచ్చుకలను 136ను హెర్మన్ బంపస్ అను శాస్త్రజ్ఞుని ప్రయోగశాలకు తెచ్చిరి. వానిలో 72 కోలుకొనెను, 64 చచ్చెను. బంపస్ ప్రతి పిచ్చుకను తూచి, రెక్కలను ఎముకలను కొలిచి, సగటునకు దూరమైన కొలతలుగలవి ఎక్కువగా చచ్చినవని నిర్ణయించెను. తరువాతివారు ఆ నిర్ణయమును పలుమారులు పరీక్షించి కొంత సవరించిరి. కాని ఆయన తన కొలతలన్నిటిని ప్రకటించుటవలననే ఆ పరీక్ష సాధ్యమైనది. అభిప్రాయము మారవచ్చును, జాగ్రత్తగా వ్రాసియుంచిన కొలత నిలుచును.

చూచుటయు, సాయపడుటయు

హిమపాతపు వేళ పక్షులను చూచుటకు ఇంటి కిటికీయే మంచి చోటు. ప్రతి దినము ఒకే సమయమున, ఒకే వ్యవధి చూడవలెను. ఒక జాతికి ఒకేసారి కనిపించిన పక్షులలో హెచ్చు సంఖ్యను వ్రాసికొన్నచో, వచ్చిన పక్షినే మరల మరల లెక్కించు పొరపాటు తప్పును. సంఖ్యతోపాటు పక్షి ఎచ్చట ఏమి తినుచున్నదో వ్రాయుట మరింత ఉపయోగకరము. కనిపించని పక్షులను గురించి కూడ వ్రాయవలెను. నిన్నటి వరకు వచ్చి నేడు రాని పిట్ట కూడ ఒక సమాచారమే.

నూనెగింజలు, క్రొవ్వుముద్దలు, గడ్డకట్టని నీరు ఉంచినచో కొన్ని జాతులకు సాయమగును. హమ్మింగ్ పక్షులకు ఒక వంతు పంచదార, నాలుగు వంతుల నీరు కలిపిన ద్రవమును బయట గడ్డకట్టకుండ మార్చుచు ఉంచుదురు. వుడ్‌కాక్ గింజలు తినదు. దానికి చేయగల సాయము దూరముగా నుండుటయు, కుక్కలను పిల్లులను కట్టివేయుటయు.

ఇట్టి లెక్కలను ఒకచోట చేర్చుటకు అమెరికాలో 1998లో గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ అను కార్యక్రమము మొదలైనది. ఏటేట ఫిబ్రవరి మధ్యలో నాలుగు దినములు, కనీసము 15 నిమిషములు చూచి, కనిపించిన పక్షులను ఎవరైనను నమోదు చేయవచ్చును. 2021లో ఆ దినములు ఫిబ్రవరి 12 నుండి 15 వరకు. టెక్సాస్‌పై హిమము విరుచుకుపడినది ఆ రోజులలోనే. 2013నుండి ఇది ప్రపంచమంతట జరుగుచున్నది. మన దేశమున విద్యాసంస్థల ఆవరణలలోని పక్షుల లెక్క కూడ దీనిలో భాగముగా నడచుచున్నది. తెలుగునాట పాఠశాలలు కూడ ఇందులో పాల్గొనవచ్చును.

మన పల్లెలలో హిమము కురియదు. కాని అదే పరీక్షను తుఫాను ముసురు పెట్టును, వైశాఖపు ఎండ పెట్టును. నాలుగు దినములు ఎడతెగని వాన పడినప్పుడు గాలిలో పురుగు ఎగురదు, వానకోవెల పస్తుండును. చెరువు ఎండినప్పుడు ఉల్లంకి ముక్కు దించు బురద గట్టిపడును. పాఠశాల ఆవరణలో కనిపించు పక్షులను విద్యార్థులు ముందుగా జాబితా వ్రాసి, ప్రతి పేరునకు ఎదురుగా అది నేలపై తినునా, బురదలోనా, గాలిలోనా, బెరడులోనా, పువ్వులోనా అని గుర్తించిన చాలును. గడ్డురోజు వచ్చినప్పుడు ఏ పక్షికి ముందు ఆపద కలుగునో ఆ జాబితాయే చెప్పును. ఆ మాట నిజమో కాదో మరునాడు ఉదయము బయటికి వచ్చి చూచి తెలిసికొనవచ్చును.